మూడో గని తెర మీద బాణాలు

నమోదు 1

మా మూడో గని ఊరి వెబ్‌సైటు చూసుకునే పని ఈ రోజు నుంచి నాది. ఇంతకు ముందు చూసిన మనిషి ఆరో గనికి మారిపోయాడు. పోతూ ఒక్క మాట చెప్పాడు: ఏ పూట ఏం మార్చామో రాసిపెట్టాలి, తర్వాత వచ్చేవాళ్ళు చదువుకుంటారు. మరి నువ్వు రాసినవేవీ అంటే నవ్వి ఊరుకున్నాడు. నేను రాస్తాను. నా పేరు సుంకులమ్మ. మోకాళ్ళు అరిగిపోయాయని సొరంగాల పని మాన్పించి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చున్నా అవి నొస్తూనే ఉన్నాయి.

పేజీ తెరవగానే పైన స్లైడర్ ఉంటుంది. అందులో ఐదు పటాలు, ఒకదాని వెనక ఒకటి వాటంతట అవే జరిగిపోతుంటాయి. స్వాగతం, సొరంగాల్లోకి మంచిగాలి తోయడానికి రాబోయే గాలి మిషన్ బొమ్మ, బడి, నీళ్ళ వంతు, ఆఖరున గాలి కబురు. గాలి కబురు నేను రాసేది కాదు. సొరంగాల్లో బిగించిన పరికరాలున్నాయి, జనం వాటిని గాలిముక్కులంటారు. తెల్లవారేసరికి అవి వాసన చూసి పంపినదే ఐదో పటం మీద పడుతుంది: ఏ సొరంగంలో చెడుగాలి చేరింది, ఎందులోకి పోకూడదు అని. ప్రతి ఇంటి గోడకూ తెర ఉంది. పైన ఎండకు మనిషి నిలవలేక ఈ నాపరాయి గనుల్లోకి దిగినప్పటి నుంచి, పొద్దున లేచి ఆకాశం చూసే అలవాటు పోయి తెర చూసే అలవాటు వచ్చింది.

ఈ పూట చేసింది: తెరల మీద సున్నపు దుమ్ము తుడుచుకోమని ఊరందరికీ చెప్పాను. మధ్యాహ్నం పైన ఎండ పలకలు కాగిపోయి కరెంటు తగ్గింది. తెరలు మసకబారాయి. అందరూ నన్నే అడిగారు.

నమోదు 2

మౌలాలి మామ వచ్చాడు. మా వరుసలో చివరి ఇల్లు ఆయనది. ఊరు దిగకముందు ఇదే గనిలో రాయి కోసిన మనిషి. కుడిచేతికి రెండు వేళ్ళు సగం దాకానే ఉన్నాయి, ఒక కంట్లో పొర. గుమ్మం దగ్గర నిలబడి, నేను తల ఎత్తేదాకా ఆగాడు.

"ఆ ఆఖరి పటం నా కంటికి అందే లోపలే పోతాంది సుంకులమ్మా. దాన్ని కొంచేపు నిలబెట్టేకి కాదా?"

ఆయన భార్య మాబున్ని అత్త ఎనిమిదో సొరంగంలో పుట్టగొడుగుల మళ్ళు చూస్తుంది. మిగతా ఆడవాళ్ళు ఎండుగడ్డి ఉడకబెట్టి తెచ్చే లోపల, ముందుగా లోపలికి వెళ్ళి మళ్ళకు నీళ్ళు చల్లేది ఆమే. ఆమెకు చదువు రాదు. గాలి కబురు మామ చదవాలి, అందులో ఎనిమిది లేదని చెప్పాలి, అప్పుడు ఆమె గడప దాటాలి. చాలా ఏళ్ళుగా వాళ్ళింట్లో పద్ధతి ఇది.

పటం నిలిచేది ఐదు సెకన్లు. పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి తెర అంచుల్లో రెండు బాణాలున్నాయి. వెంట్రుకంత సన్నం, బూడిద రంగు. కింద వరుసగా చుక్కలున్నాయి, ఆవగింజలంత. మామ కంటికి ఇవేవీ లేవు. ఉన్నాయని నేను చూపించినా సగం వేలికి దొరకలేదు. అందుకని ఆయన తెర ముందు కూర్చుని, ఆ పటం తిరిగి వచ్చినప్పుడల్లా ఒక ముక్క చదువుకుంటాడట. మూడు నాలుగు తడవలు తిరిగితే మొత్తం కబురు పూర్తవుతుంది. అంతదాకా అత్త నీళ్ళ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది.

ఆయన వెళ్ళాక స్లైడర్ సాయం పేజీలు చదివాను. అన్నీ మార్చుకోవచ్చు. బాణం ఎంత ఉండాలి, ఏ రంగు, ఎక్కడ ఉండాలి, అసలు బాణం బదులు మాట పెట్టాలా, చుక్కలు కావాలా వద్దా, పటం తనంతట తాను కదలాలా వద్దా. ప్రతి తెరకూ ఒక సంఖ్య ఉంది. ఆ సంఖ్య వేసి రాస్తే మార్పు ఆ ఒక్క ఇంటికే పడుతుంది, మిగతా ఊరు ఎప్పటిలాగే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకు చేయలేదో తెలియదు. ఎవరూ అడగలేదేమో.

నమోదు 3

సాయంత్రం మౌలాలి మామ ఇంట్లో కూర్చుని చేశాను. ఇక్కడ కూర్చుని చేస్తే ఆయన చేయి ఎక్కడ పడుతుందో నాకు తెలియదు.

మొదట రెండు అంచుల్లో నల్లటి పెద్ద బాణాలు పెట్టాను. అవి అక్షరాల మీద ఎక్కి కూర్చున్నాయి. కిందికి దించాను. కుడి బాణం కోసం ఆయన కుడిచేయి ఎత్తాడు, సగం వేలు జారింది, ఎడమచేయి తెర అడ్డంగా దాటించాడు, దాంతో పటమే కనిపించలేదు. రెండు బాణాలనూ ఎడమ మూలకు పక్కపక్కనే తెచ్చాను. బాగుంది అన్నాడు. నొక్కి చూసి మొహం చిట్లించాడు.

"బండిని తోస్తే తోసిన దిక్కే గదా పోయేది. ఇది ఏంటికి ఎదురు వస్తాంది?"

కుడి బాణం నొక్కితే పటం కుడివైపు నుంచి ఎడమకు వస్తుంది. అందరికీ అంతే. నాకు ఎప్పుడూ తేడా అనిపించలేదు. జీవితమంతా రాళ్ళ బండి తోసిన మనిషికి అది తిరకాసుగా కనిపించింది. చివరికి బాణాలు తీసేసి మాటలు పెట్టాను. పైన 'ముందుకి', కింద 'వెనక్కి'. అరచెయ్యి మొత్తం ఆనించినా పనిచేసేంత పెద్దవి.

ఇంకో చిక్కు ఉంది. ఐదో పటం తర్వాత మళ్ళీ మొదటిది వచ్చేస్తుంది. మామ నొక్కుకుంటూ పోయి రెండు చుట్లు తిరిగి, ఎక్కడున్నాడో తెలియక ఆగిపోయాడు. అందుకని ఆఖరి పటం దగ్గర తిరగడం ఆగిపోయేలా చేశాను. అక్కడికి వస్తే 'ముందుకి' మసకబారుతుంది, ఇంక నొక్కినా కదలదు. వాళ్ళింటికి మాత్రం పటాలు వాటంతట అవి జరగడం కూడా మాన్పించాను.

మాబున్ని అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఇదంతా చూస్తోంది.

"ఆ తెరను చూసినంతసేపు పెండ్లినాడు నా మొగం చూడలేదు మీ మామ," అంది.

మామ వినపడనట్టే 'ముందుకి' నొక్కుతూ పోయాడు. గాలి కబురు వచ్చింది. ఆగింది. ఆయన మొత్తం చదివాడు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పైకి గట్టిగా. ఆ పూట ఏ సొరంగమూ మూయలేదు. చదవడం అయిపోయాక కూడా పటం అక్కడే ఉండడం చూసి నా వైపు తిరిగాడు. అత్త పుట్టగొడుగుల పులుసు, రెండు జొన్నరొట్టెలు పెట్టింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిని పడుకున్నాను.

నమోదు 4

మామ ఇంట్లో సంగతి ఊళ్ళోకి పాకింది. ఇప్పుడు రోజుకు ఇద్దరో ముగ్గురో వస్తున్నారు.

మంత్రసాని ఖాజాబీకి చేతులు ఎప్పుడూ ఖాళీ ఉండవు, మోచేత్తో నొక్కేలా కావాలంది. బడి పంతులమ్మ చుక్కల బదులు అంకెలు కావాలంది. అంకెలైతే పిల్లలు పరుగెత్తుకొచ్చి మూడు నొక్కి బడి పటం చూసుకుంటారట. ఒక ఇంట్లో అత్తకు బాణం పైన కావాలి, కోడలికి కింద కావాలి. రెండు చోట్లా పెట్టి వచ్చాను. ఒకాయన బాణం బదులు చిలక బొమ్మ కావాలన్నాడు, ఎందుకని అడగలేదు, పెట్టాను.

ఒక్కొక్కటీ చిన్న పనే. కానీ ఊళ్ళో సగం ఇళ్ళు ఇప్పుడు తలో రకంగా ఉన్నాయి. ఏ ఇంట్లో ఏది తప్పినా నేను నడవాలి. పేటల మధ్య మెట్లు ఎక్కి దిగేసరికి మోకాళ్ళలో ఇసుక పోసినట్టుంటోంది. సాయానికి మనిషి కావాలని రెండుసార్లు అడిగాను. చూద్దాం అన్నారు.

తర్వాత వచ్చేవాళ్ళకు ఒక మాట. స్లైడర్‌లో ప్రతి భాగానికీ లోపల ఒక పేరుంటుంది. నేను రాసిన మార్పులన్నీ ఆ పేర్లను పట్టుకుని వేలాడుతున్నాయి. పేర్లు మారితే ఇవన్నీ ఊడిపోతాయి. గుర్తుంచుకోండి.

నమోదు 5

ఊరి సభ పెద్ద బీచుపల్లి అన్న పిలిపించాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. అలసిపోయి ఉన్నాడు. ఎవరింట్లోనో తెర మీద చిలక చూశాడట.

గనులన్నిటి మీదా పెత్తనం ఉన్న పైఊరు నుంచి గాలి మిషన్ ఇచ్చేవాళ్ళు రాబోతున్నారు. వాళ్ళు మనుషుల్ని చూసే ముందు మన పేజీ చూస్తారు. అందుకని పైఊరి ఆఫీసు వాళ్ళే మన పేజీకి కొత్త ముఖం చేసి పంపుతున్నారు, వచ్చే వారం దిగుతుంది, అందాకా ఇళ్ళలో ఏమున్నాయో ఉండనివ్వు, కొత్తవి పెట్టకు అన్నాడు. కొత్త ముఖంలో బాణాలుంటాయా అని అడిగాను. తెలియదన్నాడు. నీటుగా ఉంటుందని చెప్పారట.

ఎలాగూ మారుస్తున్నారు కదా, గాలి కబురును మొదటి పటంగా పెట్టమని అడిగాను. బాణాల గొడవే ఉండదు, తెర తెరిస్తే అదే కనపడుతుంది. చాలాసేపు బల్ల మీది దుమ్మును వేలితో అటూ ఇటూ గీస్తూ కూర్చున్నాడు.

"తెర తెరవంగానే చెడుగాలి మాట కనపడితే మిషన్ ఏంటికి ఇస్తారమ్మా? ఊరు ఖాళీ చేయండంటారు. చేసి యాడికి పోదాం?"

నాలుగో గనిని అలాగే ఖాళీ చేయించారు. అక్కడి జనం ఏమయ్యారో మాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆయన చెల్లెలి కుటుంబం అందులో ఉంది. గాలి కబురు ఐదో పటంగానే ఉంది.

నమోదు 6

దీన్ని జరిగిన వరుసలోనే రాయాలి.

కొత్త ముఖం వచ్చే వారం అన్నారు. ఈ రోజే వచ్చింది. ముందుగా ఎవరూ చెప్పలేదు. పొద్దున నేను గదిలోకి వచ్చేసరికే తెర మారిపోయి ఉంది. పెద్ద పెద్ద ఫోటోలు, తెల్లటి సన్నటి అక్షరాలు. బాణాలు లేవు, చుక్కలు లేవు. వేలితో పక్కకు లాగితే పటం జరుగుతుంది. లాగకపోతే దాని దారిన అది జరుగుతుంది, మునుపటి కంటే తొందరగా. పైఊళ్ళో చేతులు కడుక్కుని తెర ముట్టుకుంటారేమో. ఇక్కడ ఎవరి వేలి మీద చూసినా సున్నమే. రెండుసార్లు లాగితే ఒకసారి తెలుసుకుంటోంది, ఆ ఒకసారీ రెండు పటాలు దూకుతోంది.

ఇళ్ళలో నేను పెట్టినవన్నీ ఊడిపోయాయి. భాగాల పేర్లన్నీ మార్చేశారు. కొక్కెం లేని గోడకు బుట్ట తగిలించినట్టుంది నేను రాసినదంతా.

నేను వెంటనే పనిలో దిగాను. కొత్త పేర్లు వెతికి పట్టుకున్నాను. మౌలాలి మామ తెర సంఖ్యతోనే మొదలుపెట్టాను, ఆయనకు ముందు కావాలని తెలుసు కాబట్టి. 'ముందుకి', 'వెనక్కి' పెట్టాను, కుదిరాక ఆ ఇంటికి పంపుదామని ముందు నా తెర మీదే. నొక్కి చూశాను. ఐదో పటం దాకా పోయాను, ఆఖర్లో 'ముందుకి' మసకబారుతోందా చూశాను, మసకబారలేదు. వెనక్కి వచ్చాను. సరిచేసి మళ్ళీ ఐదో పటం దాకా పోయాను. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. ఆ పటం నా కళ్ళ ముందుకు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. ప్రతిసారీ నేను ఆ రెండు మాటలనే చూశాను. పటం మీద ఏం రాసి ఉందో చదవలేదు.

దాని మీద ఎనిమిదో సొరంగం అని రాసి ఉంది.

మామ ఇంట్లో జరిగింది ఆయన తర్వాత చెప్పాడు. లేచి తెర ముందు కూర్చుంటే ఆయన మాటలు రెండూ లేవు. అరచేత్తో తట్టాడు. పటాలు పరుగెత్తాయి. లాగాడు, దూకాయి. గాలి కబురు ఒకసారి వచ్చి అక్షరం పట్టుకునేలోగా పోయింది. అత్త డబ్బాతో గుమ్మంలో నిలబడి ఉంది. ఉండు, ఇంకోసారి వస్తుంది అన్నాడట. కాసేపు ఉంది. నిన్నా మొన్నా గాలి బాగానే ఉంది కదా, మళ్ళు ఎండుతున్నాయి అని చెప్పి వెళ్ళిపోయింది. ఆయన కోసం పొయ్యి మీద గంజి మూతపెట్టి వెళ్ళింది. తర్వాత ఆ పటం మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన చూపు సరిగ్గా అంకె మీదే పడింది.

ఆయన పరుగెత్తాడు. పరుగెత్తాడు అంటే, గోడ పట్టుకుని ఆయన నడవగలిగినంత వేగంగా నడిచాడు. దారిలో కనిపించినవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు గాలి సంచులు తగిలించుకుని లోపలికి పోయారు. ఆ సొరంగాల వైపు మైకు లేదు.

నాకు అరుపులు వినపడినప్పుడు నా తెర మీద 'ముందుకి' పనిచేస్తోంది. అప్పుడే సరిగ్గా కుదిరింది. ఆఖరి పటం మీద నిలిచింది, ముందుకి మసకబారింది. అప్పుడు చదివాను.

ఆమె మొదటి మడి దాటి రెండో మడి పక్కన ఒరిగి ఉందట. మొదటి మడికి నీళ్ళు చల్లి ఉన్నాయి. బయటికి తెచ్చి ఖాజాబీ చేయగలిగినదంతా చేసింది. ఊపిరి తిరగలేదు. మాబున్ని అత్త చనిపోయింది.

ఎండుగడ్డి తట్టలతో వెనక వస్తున్న ఆడవాళ్ళు సొరంగం మూతి దగ్గర ఆగిపోయారు. వాళ్ళందరూ బతికే ఉన్నారు.

నమోదు 7

ఎండ దిగాక అత్తను పూడ్చడానికి పైకి మోసుకుపోయారు. నేను గని మూతి దాకా వెళ్ళాను, అక్కడి నుంచి మెట్లు ఎక్కలేకపోయాను. ఆ వేడి గాలి మొహానికి తగులుతుంటే గోడకు ఆనుకుని నిలబడ్డాను. మట్టికి పోయినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ కాళ్ళకు ఎర్రమట్టి ఉంది. ఈ తెల్లటి నేల మీద ఆ అడుగులు ఇళ్ళ దాకా పడ్డాయి.

పేజీ ముట్టుకోలేదు. ఈ పూటకు గాలి కబురు నేనే నోటితో చెప్పి వచ్చాను, వరుస వరుసకూ నిలబడి. రేపు కూడా అలాగే చెబుతాను.

నమోదు 8

బీచుపల్లి అన్న నా గదికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. కుర్చీ ఒకటే ఉంది, నేను లేవబోతే వద్దని చెప్పి గడప మీద కూర్చున్నాడు.

ఆయన ఏదో అనే లోపలే నేను చెప్పేశాను. ఆ పటాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చున్నానని, ఒక్కసారి చదివి ఉంటే పరుగెత్తి చెప్పేదాన్నని. మోకాళ్ళు పోయినా పరుగెత్తేదాన్ని.

"నువ్వు చదవనిది ఉండాది. నేను దాన్ని ఆఖర్న పెట్టించింది ఉండాది," అన్నాడు. "ఇద్దరం పంచుకున్నా ఇంకా మిగుల్తాది సుంకులమ్మా."

తర్వాత చెప్పాడు, గాలి కబురును ఆ తిరిగేదాంట్లోంచి తీసెయ్, అది కదలకూడదు అని. పైఊరి వాళ్ళు చూస్తారు కదా అన్నాను. చూడనీ అన్నాడు. మిషన్ అడగడానికి తానే పైఊరికి పోయి, ఊళ్ళో చెడుగాలికి మనిషి పోయిందని మొహం మీదే చెబుతాడట. ఇవ్వం అంటే అప్పుడు చూసుకుందాం అన్నాడు. లేచేటప్పుడు తలుపు చెక్క పట్టుకుని లేచాడు.

చేసింది రాస్తున్నాను. గాలి కబురు ఇప్పుడు స్లైడర్‌లో లేదు. దానికి పైన, పేజీ నెత్తిన, నల్లటి పెద్ద అక్షరాలతో ఒక వరుసగా ఉంది. ఏం నొక్కినా, నొక్కకపోయినా అది కదలదు. మూసిన సొరంగం ఉంటే ఆ వరుస ఎర్రబడుతుంది. కింద స్లైడర్‌లో మిగిలిన పటాలకు ఊరందరికీ ఒకటే రకం: 'ముందుకి', 'వెనక్కి', అరచెయ్యంత. చిలక ఇంటాయన ఈసారి ఏమీ అడగలేదు.

ఇంకొక పటం చేయాల్సి ఉంది. ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ ఫోటో, పేరు స్లైడర్‌లో మొదట, స్వాగతం ఉండే చోట పెడతాం, మూడు రోజులు. అది కూడా అన్నింటిలాగే కాసేపు నిలిచి జరిగిపోతుంది. అత్త ఫోటో మళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ దగ్గర దొరికింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఎవరో ఏదో అన్నట్టున్నారు. కింద రాశాను: మాబున్ని. మౌలాలి భార్య. ఎనిమిదో సొరంగంలో చెడుగాలికి పోయింది.

సరిచూద్దామని పెట్టి చూశాను. మూడు సెకన్లకు అత్త పక్కకు జరిగిపోయింది, గాలి మిషన్ బొమ్మ వచ్చింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జరిగిపోయింది. అప్పుడు నేను పటాలు వాటంతట అవే జరగడాన్ని తీసేశాను, ఊరు మొత్తానికి. ఇంక ఏ పటమూ ఎవరో ఒకరు చేయి ఎత్తి నొక్కితే తప్ప కదలదు.

బీచుపల్లి అన్నకు చూపించాను. ఇది పోదా అని అడిగాడు. నొక్కితే పోతుందన్నాను. చేయి ఎత్తాడు. కాసేపు అలాగే పట్టుకుని, దించేసి, వెళ్ళిపోయాడు.

నమోదు 9

రోజంతా ఒకటే ఫిర్యాదు: పటం కదలడం లేదు. కదలదని చెప్పాను. మీరే నొక్కాలి అన్నాను. కొందరు తల ఊపి వెళ్ళారు. కొందరు అక్కడే నిలబడి అత్త గురించి ఏదో ఒకటి చెప్పి వెళ్ళారు. పంతులమ్మ చెప్పింది, పిల్లలు ఎవరు నొక్కాలని తర్జనభర్జన పడి చివరికి అందరూ కలిసి చేయి పెట్టారట.

సాయంత్రం మౌలాలి మామ ఇంటికి వెళ్ళాను. చాప మీద కూర్చుని ఉన్నాడు, తెరకు ఎదురుగా. వచ్చిపోయినవాళ్ళ కోసం పరిచిన చాప అది, ఇల్లంత ఉంది. తెర మీద అత్త ఉంది. పేజీ నెత్తిన నల్లటి వరుసలో, ఈ పూట ఏ సొరంగమూ మూయలేదని ఉంది.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. దిగడానికి కొంతసేపు పట్టింది, ఆయన మోచేయి పట్టుకున్నాడు. బీచుపల్లి అన్నకు చెప్పినదే ఆయనకూ చెప్పాను. పొద్దున ఆ పటం నా ముందే ఉందని, తిప్పుతూ కూర్చున్నానని, చదవలేదని. చెప్పకుండా ఆ ఇంట్లో కూర్చోలేను.

ఆయన తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"నేను చదివితి గదమ్మా," అన్నాడు. "చదివి పరిగెత్తేకి కాకపోయె."

పక్కింట్లో ఎవరో రొట్టెలు తడుతున్న చప్పుడు. తర్వాత ఆయన అడిగాడు, తాను నొక్కకపోతే ఇది ఇట్లే ఉంటుందా అని. ఉంటుందన్నాను. మూడు రోజులయ్యాక ఊరి తెరల మీద నుంచి తీసేసినా, ఈ ఇంటి తెరకు మాత్రం ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచగలనన్నాను. అది ఒక్క వరుస రాస్తే అయ్యే పని.

"మనిషిని ఉండమంటే ఉండలేదు," అన్నాడు. "ఇది ఉండాది."

నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆయన తుడుచుకోలేదు. కాసేపటికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. తెర దగ్గరికి వెళ్ళాడు. ఫోటో మీద సున్నపు దుమ్ము పడి ఉంటే పంచె అంచుతో మెల్లగా తుడిచాడు, నాలుగు మూలలా, ఏదీ నొక్కుకుపోకుండా చూసుకుంటూ. మామా, నన్ను నొక్కమంటావా అని అడిగాను. వద్దన్నట్టు చేయి అడ్డంగా ఊపాడు.

ఎడమ అరచెయ్యి 'ముందుకి' మీద పెట్టాడు. పెట్టి అలాగే ఉంచాడు. చేయి ఎత్తేదాకా పటం కదలదు, నేను అలాగే రాశాను. చివరికి ఎత్తాడు. అత్త పక్కకు జరిగింది.

వచ్చిన పటం ఏమిటో ఆయన చూడలేదు. వెనక్కి తిరిగి, ఇంత పెద్ద చాప మీద ఇంక కూర్చునేవాళ్ళు ఎవరున్నారు, తీసేద్దాం పట్టు అన్నాడు. నేను గోడ పట్టుకుని లేచాను. ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని దులిపాం. దుమ్ము లేచి దీపం చుట్టూ తిరిగి కిందికి దిగింది. మడత పెట్టేటప్పుడు ఇద్దరం ఎదురెదురుగా నడిచి మధ్యలో కలిశాం, నా చేతిలో కొస ఆయన తీసుకున్నాడు.